డ్రాగన్‌కి ఏడాదికి ఎన్ని ఆవులు? జానపద జీవులతో ఫాంటసీ సిరీస్ రాసేటప్పుడు

భేతాళుడు చూడ్డానికి ఎలా ఉంటాడని పదిమందిని అడగండి, పది రకాలుగా చెబుతారు. కోరలున్నాయా, జుట్టు తెలుపా నలుపా, ఎవరికీ ఖాయంగా తెలీదు. షరతు మాత్రం అందరికీ కంఠతా వచ్చు. జవాబు తెలిసి కూడా చెప్పకపోతే రాజు తల పగిలిపోతుంది, చెబితే మౌనభంగమై శవం తిరిగి చెట్టెక్కుతుంది. రెండు వైపులా బిగిసిన ఈ ఒక్క ముడి మీద అంత కథల సంపుటి నిలబడింది. విచిత్రమేమిటంటే, బయటపడే దారి కూడా ఆ షరతులోనే ఉంది: రాజుకి నిజంగానే జవాబు తెలీని ప్రశ్న రావాలి. వచ్చింది, రాజు నోరు విప్పలేదు, కథ ఒడ్డున పడింది. మధ్యలో కొత్త శక్తులూ రాలేదు, మాయఖడ్గమూ దొరకలేదు.

ప్రపంచ జానపదాల్లోంచి జీవుల్ని తెచ్చుకునే ఫాంటసీ రచయితలు చాలామంది దీనికి తలకిందులుగా పనిచేస్తారు. రూపం తెచ్చుకుంటారు, షరతు అక్కడే వదిలేస్తారు. మొదటి పుస్తకంలో ఆ రూపం భయపెడుతుంది. రెండో పుస్తకానికి పాఠకుడికి అలవాటైపోతుంది. మూడో పుస్తకానికి అది కత్తికి అడ్డం వచ్చే ఇంకో పెద్ద జంతువు. అప్పుడు రచయిత దాన్ని రెట్టింపు చేస్తాడు, లేదా వందల సంఖ్యలో దింపుతాడు. రెండూ పనిచేయవు. ఒక్క నవలకైతే రూపంతో నెట్టుకురావచ్చు గానీ, నాలుగైదు సంపుటాలకి ఇంధనం షరతులోంచే రావాలి.

జపాన్ నదుల్లో ఉండే కప్పాని చూడండి (పేరు చూసి మన కప్ప అనుకోవద్దు). పిల్లవాడంత ఎత్తు, చాలా కథల్లో వీపున తాబేటి చిప్ప, నడినెత్తిన ఓ గుంట, అందులో నీళ్ళు. ఆ నీళ్ళున్నంతసేపే దాని బలం. కప్పాకి మర్యాద జాస్తి. ఎదుటివాడు నడుం వంచి నమస్కరిస్తే తనూ వంగక తప్పదు, వంగితే నెత్తిన నీళ్ళు ఒలికిపోతాయి. ఇచ్చిన మాట తప్పదు. దోసకాయలంటే పడిచస్తుంది. పట్టుబడ్డ కప్పా తనను వదిలినందుకు బదులుగా విరిగిన ఎముకలు సర్దే విద్య నేర్పిందని కొన్ని కథలు. బలం, బలహీనత, బేరం, మూడూ అందులోనే ఉన్నాయి. ఎండిన దేశం మీదుగా దాన్ని తీసుకెళ్ళాలంటే ఎలా? నమస్కారం చేయడం తెలీని మొరటువాడు ఎదురైతే గెలుపెవరిది? ఈ రెండు ప్రశ్నలకే రెండు అధ్యాయాలు పుడతాయి.

విప్పి చూడటం

ఏ జీవినైనా నాలుగు భాగాలుగా విడదీసుకుంటే పని తేలికవుతుంది: శరీరం, చోటు, షరతు, కారణం. కారణమంటే, ఆ కథ చెప్పుకున్నవాళ్ళ ఏ భయానికి లేదా ఏ కోరికకి అది రూపమిచ్చిందన్నది. కప్పా వెనక ఉన్నది పిల్లలు నీటిలో మునిగిపోతారన్న భయం. మలయా ప్రాంతపు పొంతియానాక్ వెనక కాన్పులో చనిపోయిన స్త్రీలున్నారు. ఉత్తర అమెరికాలో క్రీ, ఒజిబ్వే ప్రజలు చెప్పే వెండిగో వెనక మంచులో చిక్కిన శీతాకాలం, తిండి లేక మనిషిని మనిషి తినే దుస్థితి. అందుకే వెండిగో తిన్నకొద్దీ పెరుగుతుంది, పెరిగినకొద్దీ ఆకలీ పెరుగుతుంది.

శరీరాన్ని మీ ఇష్టం వచ్చినట్టు మార్చుకోవచ్చు, పెద్దగా పోయేదేం లేదు. చోటు మార్చడం కష్టం, కానీ సాధ్యమే. షరతునీ కారణాన్నీ తీసేస్తే మాత్రం మిగిలేది పేరు. ఆకలితో సంబంధం లేని వెండిగో కంటే సొంతంగా కల్పించిన రాక్షసుడు వెయ్యి రెట్లు నయం.

పరిశోధన దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. అనాదిగా వస్తున్న జానపదం అనుకునేదాంట్లో చాలా భాగం నిన్నమొన్నటిది. వాంపైర్ సంగతే తీసుకోండి. 1725లో సెర్బియాలోని కిసిల్యెవో గ్రామంలో పేటర్ బ్లాగోయెవిచ్ అనే రైతు శవాన్ని తవ్వి తీశారు. 1732లో మెద్వెద్యా గ్రామం గురించి ఆస్ట్రియా సైనిక వైద్యులు నివేదిక రాశారు. ఆ రికార్డుల్లోని వాంపైర్ పాలిపోయిన అందగాడు కాడు. ఒళ్ళు ఎర్రబారి, నోటి దగ్గర రక్తంతో, చావకముందుకన్నా పుష్టిగా కనిపించే పల్లెటూరి శవం. కుళ్ళేటప్పుడు దేహంలో వాయువులు చేరి ఉబ్బడం సహజమేనని అప్పటి ఊరివాళ్ళకి తెలీదు. ఇక ఎండ తగిలితే చస్తుందన్నది 1922లో వచ్చిన ఒక జర్మన్ మూకీ సినిమాతో స్థిరపడ్డ సంగతి.

బసిలిస్క్ కథ ఇంకా తమాషా. క్రీ.శ. 77 ప్రాంతంలో ప్లినీ రాసినప్పుడు అది 12 వేళ్ళ పొడవున్న చిన్న పాము. దాని విషానికి పొదలు మాడిపోతాయి, రాళ్ళు బద్దలవుతాయి. ముంగిసలాంటి వీజిల్ దాని కన్నంలో దూరితే ఆ పాము చస్తుంది. మధ్యయుగానికి వచ్చేసరికి దానికి కోడిపుంజు తల మొలిచింది, మన కాలానికి కొండచిలువకన్నా పెద్దదైంది. మూడింట్లో ఏదైనా వాడుకోవచ్చు. నా ఓటు మాత్రం మొదటిదానికే. గది నిండా పట్టే పాముకన్నా, చెప్పులో దాక్కోగలిగిన పాము కోట కాపలావాళ్ళని ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. వెండిగోకి ఇప్పుడు అందరూ పెడుతున్న దుప్పికొమ్ములు కూడా ఇటీవలి సినిమాలూ ఆటలూ తగిలించినవే.

కాబట్టి ఒక జీవిని ఎంచుకున్నాక కనీసం మూడు వేరువేరు సేకరణల్లోని కథనాలు చదవాలి. మూడింట్లోనూ ఉన్నది ఎముక, దాన్ని కదపకండి. ఒక్కో కథలో ఒక్కోలా ఉన్నది మీ చేతిలోది. ఎక్కడ వెతకాలంటే, స్టిత్ థాంప్సన్ 1932-36 మధ్య ప్రచురించి, 1955-58లో ఆరు సంపుటాలుగా విస్తరించిన జానపద మోటిఫ్‌ల (కథల్లో పదేపదే కనిపించే అంశాల) సూచిక ఉంది. అందులో బి11 డ్రాగన్, బి81 మత్స్యకన్య, ఇ251 వాంపైర్. ప్రతి అంకె కిందా ఏయే దేశాల్లో ఆ అంశం నమోదైందో ఉంటుంది. కథల వర్గీకరణకైతే హన్స్-యోర్గ్ ఉథర్ 2004లో సవరించిన సూచిక: డ్రాగన్‌ని చంపే వీరుడి కథ అందులో 300వ రకం. ఇంకో జాగ్రత్త, కథని రాసుకున్నది ఎవరో చూడాలి. మతప్రచారకులు నమోదు చేసిన చాలాచోట్ల ఊరి దేవత కాస్తా దయ్యమైపోయి కనిపిస్తుంది.

ఒక జీవి, దగ్గరినుంచి

ఫిలిప్పీన్స్‌లో చెప్పుకునే మనానంగ్గల్ పగలంతా మామూలు స్త్రీ. రాత్రి ఎవరూ లేని చోటికి వెళ్ళి నడుం దగ్గర రెండుగా విడిపోతుంది. పై సగం గబ్బిలం రెక్కలతో ఎగిరిపోతుంది, కింది సగం ఉన్నచోటే నిలబడి ఉంటుంది. గర్భిణులున్న ఇళ్ళ కప్పు మీద వాలి, సన్నటి పొడవాటి నాలుక లోపలికి దించుతుంది. దాన్ని చంపడానికి పోరాడక్కర్లేదు. నిలబడి ఉన్న కింది సగాన్ని కనిపెట్టి, తెగిన చోట ఉప్పో బూడిదో నలిపిన వెల్లుల్లో రాస్తే చాలు. పై సగం తిరిగొచ్చి అతుక్కోలేదు, తెల్లారితే చస్తుంది.

ఇప్పుడు లెక్కలు వేసుకుందాం. ఇంట్లోవాళ్ళు పడుకున్నాక బయల్దేరి, ఎవరూ లేవకముందే వచ్చి పడుకోవాలి, అంటే చేతిలో ఉన్నది 5 గంటలు. వేటకి 1 గంట. మిగిలిన 4 గంటల్లో సగం వెళ్ళడానికి, సగం రావడానికి. గంటకి 25 కిలోమీటర్ల వేగమనుకుంటే 50 కిలోమీటర్ల లోపు ఊళ్ళే దాని పరిధి. మీ కథలో చావులన్నీ పటం మీద గుర్తిస్తే అవి ఒక వృత్తంలో పడతాయి, ఆ వృత్తానికి మధ్యలో దాని ఇల్లుంటుంది. పరిశోధించే పాత్రకి ఈ ఒక్క ఆధారం చాలు. తెలివైన మనానంగ్గల్ అయితే దాన్ని చెడగొట్టడానికి ఒక దిక్కునే వేటాడుతుంది, ఇల్లు వృత్తం అంచున పడేలా.

చోటు మార్చి చూడండి. భూమధ్యరేఖకి దగ్గర్లో రాత్రుల నిడివి ఏడాది పొడుగునా పెద్దగా మారదు. అదే జీవిని 60 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి తీసుకెళ్తే జూన్‌లో సూర్యుడు మునిగి ఉండేది సుమారు 5 గంటలు, డిసెంబరులో 18. ఎండాకాలమంతా అది దాదాపు పస్తుండాలి, చలికాలం దాని రాజ్యం. షరతులో అక్షరం మార్చకుండానే కొత్త జీవి తయారైంది. అక్కడివాళ్ళు పెళ్ళిళ్ళ ముహూర్తాలు ఏ నెలలో పెట్టుకుంటారో, పిల్లలు ఏ నెలలో పుట్టేలా చూసుకుంటారో ఆలోచించండి.

దీని దాయాదులూ ఉన్నాయి, కలిపేయకూడదు. మలయా పెనంగ్గలన్‌లో మెడ దగ్గర తల విడిపోయి, పేగులు వేలాడుతూ ఎగురుతుంది. తిరిగొచ్చేసరికి పేగులు ఉబ్బిపోయి ఉంటాయి కాబట్టి వెనిగర్ జాడీలో ముంచి, కుదించుకుని, ఒంట్లోకి దూరుస్తుంది. కాబట్టి ఆమె దగ్గర వెనిగర్ వాసన వస్తుంది. కాన్పు ఇంటి చుట్టూ ముళ్ళ ఆకులు కడతారు, పేగులు చిక్కుకుంటాయని. థాయ్‌లాండ్‌లో క్రాసూ కూడా ఈ కుటుంబమే. ముగ్గుర్నీ ఒకే పేరు కింద పడేస్తే ఉప్పు, వెనిగర్, ముళ్ళు అన్న మూడు ఆధారాల్లో రెండు పోతాయి. వేరుగా ఉంచితే, ఉప్పుతో సిద్ధమై వచ్చిన వేటగాడికి ఎదురుపడ్డది పెనంగ్గలన్ కావచ్చు. జానపదం ఉచితంగా ఇచ్చిన మలుపు అది.

ఆకలి, బరువు

శరీరం ఎలాగైనా మార్చుకోవచ్చన్నది నిజమే, కానీ ఒకసారి మార్చాక దానికి కట్టుబడాలి. ముందు ఏ డ్రాగనో తేల్చుకోవాలి. చైనా డ్రాగన్ నీటికీ వానకీ అధిపతి, రెక్కలు లేకుండానే ఎగురుతుంది, అయిదు గోళ్ళున్నది చక్రవర్తి చిహ్నం. ఐరోపా డ్రాగన్ నిధి మీద పడుకుంటుంది, నిప్పు కక్కుతుంది. మొదటిదాన్ని చంపడం వీరత్వం కాదు, కరువు తెచ్చుకోవడం.

ఐరోపా రకమే కావాలంటే బరువు లెక్క వేయాలి. గెలీలియో 1638లో చెప్పిన సూత్రం ప్రకారం పొడవు రెట్టింపైతే ఎముకల, కండరాల అడ్డుకోత వైశాల్యం నాలుగు రెట్లు, బరువు ఎనిమిది రెట్లు అవుతుంది. ఎగిరిన జీవుల్లో అతి పెద్దవాటిలో ఒకటైన క్వెట్‌జల్‌కోట్లస్‌కి రెక్క చివర నుంచి రెక్క చివరకి పొడవు 10 మీటర్ల పైన, బరువు మాత్రం అంచనాగా 200-250 కిలోలు. 5 టన్నుల డ్రాగన్ ఎగరాలంటే మాయ ఉండాల్సిందే. ఉండనివ్వండి, అది ఫాంటసీ. కానీ మాయతో ఎగురుతోందని మీకు తెలిసుండాలి, ఎందుకంటే మూడో సంపుటంలో మాయ ఆగిపోయే సన్నివేశం రాస్తే ఆకాశంలోని డ్రాగన్లన్నీ కింద పడాలి.

తిండి సంగతి ఇంకా ముఖ్యం. 190 కిలోల మగ సింహం సగటున రోజుకి 5 నుంచి 7 కిలోల మాంసం తింటుంది. బరువు పెరిగినంత వేగంగా ఆకలి పెరగదు, బరువుకి సుమారు 0.75 ఘాతంగా పెరుగుతుందని 1932లో మాక్స్ క్లైబర్ చూపాడు. 5 టన్నుల జంతువు సింహానికి 26 రెట్లు బరువున్నా ఆకలి 12 రెట్ల లోపే. రోజుకి సుమారు 70 కిలోలు. ఒక ఆవు నుంచి 250 కిలోల తిండి వస్తుందనుకుంటే ఏడాదికి 100 ఆవులు. అదే డ్రాగన్‌ది వేడి రక్తం కాదు, సరీసృపాల పద్ధతి అనుకుంటే ఆకలి దాదాపు పదో వంతుకి పడిపోతుంది, ఏడాదికి 10 ఆవులు. కొమొడో డ్రాగన్ తన బరువులో 80 శాతం దాకా ఒకే పూట తిని వారాల తరబడి పడుకోగలదు.

100కీ 10కీ తేడా అంకెల్లోది మాత్రమే కాదు. ఏడాదికి 100 ఆవులు పోతే ఆ ప్రాంతం ఖాళీ అవుతుంది, యుద్ధం తప్పదు. 10 ఆవులంటే అది పన్ను. ఊళ్ళు వంతులు వేసుకుని కడతాయి, ఎవరి వంతు ఎప్పుడన్న దాని మీద తగువులొస్తాయి, డ్రాగన్‌ని చంపుతానని వచ్చిన వీరుణ్ణి ఊరివాళ్ళే ఆపుతారు. ఏ రక్తమో తేల్చుకోకుండా రాస్తే మొదటి సంపుటంలో పన్ను కథ, మూడో సంపుటంలో యుద్ధం కథ అవుతుంది, మధ్యలో డ్రాగన్‌కి ఆకలి ఎందుకు పెరిగిందో ఎవరూ చెప్పరు.

అడవిలో ఎన్ని డ్రాగన్లు పడతాయన్నదానికీ ఒక కొలత ఉంది. మాంసాహారుల మీద 2002లో వచ్చిన ఒక విశ్లేషణ ప్రకారం 10,000 కిలోల వేటజంతువులుంటే అవి సుమారు 90 కిలోల మాంసాహారిని పోషిస్తాయి. 5 టన్నులకి 555 టన్నుల మంద కావాలి, అంటే 400 కిలోల పశువులు 1,400 దాకా. ఒక్కదానికి. డ్రాగన్ సైన్యం గురించి రాసేముందు ఈ గుణకారం చేసుకోండి.

కలపడం

ఎక్కువ సంస్కృతుల జీవుల్ని ఒకే లోకంలో పెడితే చాలాసార్లు అది జంతుప్రదర్శనశాల అవుతుంది, ఒక్కో బోనుకి ఒక్కో పేరుపలక. కారణం, ప్రతి జీవీ తన వెనక ఒక సృష్టి లెక్కని మోసుకొస్తుంది. జిన్నులు పొగలేని నిప్పు నుంచి పుట్టినవి, వాటికి కుటుంబాలూ నమ్మకాలూ ఉన్నాయి, మంచి చెడులు ఎంచుకునే స్వేచ్ఛ ఉంది, తీర్పు కూడా ఉంది. యూదుల గోలెమ్‌ని మనిషి మట్టితో చేస్తాడు. కొన్ని కథల్లో దాని నుదుటి మీద సత్యం అనే అర్థమున్న ‘ఎమెత్’ రాసి ఉంటుంది, మొదటి అక్షరం చెరిపేస్తే మిగిలేది మరణం. ఈ రెండూ ఒకే సంపుటంలో ఉంటే ప్రాణం ఎక్కడినుంచి వస్తుందన్న ప్రశ్నకి మీ లోకం జవాబు చెప్పాలి. జవాబు లేకపోతే ఒకటి తీసేయండి. మొదటి సిరీస్‌కైతే ఒకే సంప్రదాయంలో లోతుగా దిగడం మంచిది.

కలిపితే, ఎవరు తెచ్చారో చెప్పాలి. అకాన్ ప్రజల సాలీడు అనాన్సీ ఘనా ప్రాంతం నుంచి జమైకా చేరింది బానిసల ఓడల్లో, వాళ్ళ నోటి కథగా. స్లావ్ ఇళ్ళను కాచే దొమొవోయ్ ఇల్లు మారేటప్పుడు తనంతట తను రాదు. పాత బూటులోనో, పాత పొయ్యి నిప్పులతోనో పిలిచి తీసుకెళ్ళాలి. శరణార్థుల కథ రాసేవాడికి ఇంతకన్నా ఏం కావాలి? పిలవకుండా వదిలేసిన ఇంట్లో ఎవరుంటారన్నది రెండో సంపుటం. ఇక తొమ్మిది తోకల నక్క చైనా, కొరియా, జపాన్ మూడింట్లోనూ ఉంది గానీ ప్రవర్తన ఒకటి కాదు. జపాన్ కిత్సునే వయసు పెరిగేకొద్దీ తోకలు సంపాదిస్తుంది, ఇనారి దేవతకి దూత కూడా. కొరియా గుమిహో చాలా కథల్లో మనిషి కాలేయం కోసం వస్తుంది.

కొన్ని జీవులు ఇంకా నమ్మకంలో బతికే ఉన్నాయి, వాటి దగ్గర చేయి జాగ్రత్తగా వేయాలి. 2002లో న్యూజీలాండ్‌లో వైకాటో ఎక్స్‌ప్రెస్‌వే పనులు నీటిలో ఉండే తనీఫా అనే జీవి నివాసం గురించి మావోరీల్లోని న్గాతీ నాహో ప్రజలు అభ్యంతరం చెప్పడంతో ఆగి, ఆ చోటు దెబ్బతినకుండా మార్పులు చేశాకే సాగాయి. అమెరికాలోని నవాహో ప్రజలు స్కిన్‌వాకర్ల (జంతువుల రూపం ధరించే మంత్రగాళ్ళ) గురించి బయటివాళ్ళతో మాట్లాడటానికే ఇష్టపడరు. దాన్ని విలన్‌గా పెట్టుకోవడం అనవసరం. ఆ జీవి మీ కథలో చేసే పని ఏమిటో చూసుకుని, దానికి సొంత పేరుతో సొంత జీవిని కల్పించండి.

హక్కుల విషయం చిన్నదే కానీ ఖరీదైనది. జానపదం ఎవరి ఆస్తీ కాదు, ఒక రచయిత కల్పించినది మాత్రం ఆస్తే. 1970లలో ఒక బల్లమీది ఆట టోల్కీన్ నవలల్లోని హాబిట్ అనే మాటని ‘హాఫ్‌లింగ్’గా మార్చుకోవాల్సి వచ్చింది. ఒక జీవి గురించి ఆటల గైడ్లలోనూ ఇంటర్నెట్ పేజీల్లోనూ తప్ప 1900కి ముందు ఏ సేకరణలోనూ కనిపించకపోతే అనుమానించాలి. మేకల రక్తం తాగుతుందని చెప్పే చుపకాబ్రా అంత పేరు మోసినా దాని కథలు మొదలైంది 1995లో, ప్యూర్టోరికోలో.

సంపుటాల మధ్య

సిరీస్‌లో ఎక్కువగా పాడయ్యేది షరతే. హీరో చిక్కుల్లో పడతాడు, రచయిత ఒక మినహాయింపు కనిపెడతాడు, ఆ మినహాయింపు తర్వాతి పుస్తకాల్లో శత్రువుకీ వర్తిస్తుందని మర్చిపోతాడు. దీనికి మందు ఒక్కో జీవికి ఒక్కో పేజీ: ఏం తింటుంది, ఎంత దూరం వెళ్తుంది, దేనికి కట్టుబడుతుంది, దేనితో చస్తుంది, ఎలా పుడుతుంది, మొత్తం ఎన్ని ఉన్నాయి. ఇవి ఆరు వరసలు. ఏడో వరస చాలామంది వదిలేస్తారు: ఈ సంగతులు కథలో ఎవరికి, ఏ అధ్యాయం నుంచి తెలుసు? లొసుగు వాడుకోవాలంటే అది కనీసం ఒక సంపుటం ముందే పాఠకుడి కళ్ళబడి ఉండాలి. మొదటి పుస్తకానికి ముఖ్యమైన జీవి ఒకటి, అంచుల్లో రెండు, అంతకు మించితే ఏ షరతూ పాఠకుడికి గుర్తుండదు.

ఏడో వరస ఎందుకంటే, రహస్యం బయటపడ్డాక లోకం ఊరుకోదు. మొదటి సంపుటం చివర మనానంగ్గల్ ఉప్పుతో చచ్చిందని జనానికి తెలిస్తే, రెండో సంపుటం మొదటి పేజీకల్లా ప్రతి గుమ్మంలో ఉప్పు మూట ఉండాలి. ఉప్పు ధర పెరగాలి, కల్తీ ఉప్పు అమ్మేవాడొకడు తయారవ్వాలి, రాజు ఉప్పు మీద పన్ను వేయాలి. మిగిలిన మనానంగ్గల్‌లు కింది సగాన్ని తోటలో వదిలేయడం మాని, తాళం వేసిన గదిలో పెట్టి, తాళంచెవి ఎవరి చేతికివ్వాలో వెతుక్కోవాలి. ఆ తాళంచెవి పట్టుకున్న మనిషి ఎవరు, ఎందుకు ఒప్పుకున్నాడు, అతనికి భార్య ఉందా, ఆమె ఇప్పుడు ఎన్నో నెల అన్నవి రెండో సంపుటం మొదలుపెట్టేముందు ఆ పేజీలో రాసి ఉండాలి.